మిరప ఆకుముడత గుర్తింపులో స్మార్ట్‌ఫోన్ కెమెరా: సామర్థ్యం, పరిమితులు, విస్తరణలో పాటించవలసిన పద్ధతి

సారాంశం

కొత్త స్మార్ట్‌ఫోన్ విడుదలైన ప్రతిసారీ కెమెరా మెగాపిక్సెళ్ళు, కృత్రిమ మేధ, ఉపగ్రహ స్థాన నిర్ధారణ వంటి లక్షణాలు ప్రచారంలోకి వస్తాయి. రైతు పొలం నుండి పంపిన ఛాయాచిత్రం ఆధారంగా సస్యరక్షణ సలహా ఇవ్వడం విస్తరణ సిబ్బందికి దైనందిన కార్యక్రమమైన నేపథ్యంలో, ఈ లక్షణాలలో ఏవి తెగులు గుర్తింపునకు నిజంగా తోడ్పడతాయి, ఏవి తోడ్పడవు అన్నది తెలిసి ఉండడం అవసరం. మిరపలో ముడత లక్షణాన్ని ఉదాహరణగా తీసుకొని ఫోన్ కెమెరా పనిచేసే తీరును, చిత్రం ప్రయాణంలో కోల్పోయే సమాచారాన్ని, కృత్రిమ మేధ ఆధారిత గుర్తింపు పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఛాయాచిత్రాల సేకరణకు, వాటి ఆధారంగా సలహా ఇవ్వడానికి ఒక క్రమపద్ధతిని ప్రతిపాదిస్తుంది.

ముఖ్య పదాలు: స్మార్ట్‌ఫోన్, మిరప, ఆకుముడత, తామర పురుగు, తెల్లనల్లి, కృత్రిమ మేధ, విస్తరణ

ఉపోద్ఘాతం

మిరప తోటలో ఆకులు ముడుచుకొనిపోవడానికి ప్రధానంగా మూడు కారణాలున్నాయి. తామర పురుగులు రసం పీల్చినప్పుడు ఆకుల అంచులు పైకి ముడుచుకొని ఆకు పడవ ఆకారాన్ని పొందుతుంది. దీనిని రైతులు పై ముడత అంటారు. తెల్లనల్లి ఆశించినప్పుడు ఆకుల అంచులు క్రిందికి వంగి తిరగబడిన పడవ వలె కనిపిస్తాయి. ఆకు కాడలు సాగుతాయి. ఆకు ముదురు ఆకుపచ్చగా మారుతుంది. ఇది క్రింది ముడత. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఆకుముడత వైరస్ సోకినప్పుడు ఆకులు చిన్నవై, ముడతలు పడి, ఈనెలు మందమై, మొక్క గిడసబారిపోతుంది.

ఈ మూడింటికి నివారణ ఒకటి కాదు. నల్లి పురుగు కాదు, సాలెపురుగు జాతికి దగ్గరి జీవి. కావున తామర పురుగులకు వాడే కీటకనాశనులలో అనేకం నల్లిపై పనిచేయవు. దానికి ప్రత్యేకమైన నల్లినాశని కావలసి ఉంటుంది. వైరస్ సోకిన మొక్కను ఏ రసాయనమూ తిరిగి కోలుకునేటట్లు చేయలేదు. ఆ మొక్కను పీకి నాశనం చేయడం, వాహకమైన తెల్లదోమను అదుపు చేయడం మాత్రమే మార్గం. గుర్తింపు తప్పినట్లయితే రైతు మందు ఖర్చు వృథా కావడమే గాక, మిత్రపురుగులు నశించి అసలు పురుగు మరింత పెరిగే ప్రమాదమున్నది. అన్నిటికన్నా మించి విలువైన వారం పది రోజుల కాలం చేజారిపోతుంది.

2021-22 పంటకాలంలో ఈ చిక్కు మరింత జటిలమైనది. మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయిపై తొలుత నమోదైన త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాల మిరప తోటలలో తీవ్రంగా విజృంభించింది. అంతవరకు రైతులకు పరిచయమున్న తామర పురుగు సిర్టోత్రిప్స్ డార్సాలిస్ లేత పసుపు వర్ణంలో ఉండి ప్రధానంగా లేత ఆకులను ఆశిస్తుంది. కొత్తగా వచ్చిన పురుగు ముదురు వర్ణంలో ఉండి పూలలో గుంపులుగా చేరుతుంది. పూత రాలి కాయ నిలవదు. వాడిన మందునే మళ్ళీ మళ్ళీ వాడి ఫలితం కనిపించక తోటలు తీసివేసిన రైతులున్నారు. పూవును తెరచి చూడనిదే, కేవలం ఆకు చిత్రం చూసి ఈ పురుగు తీవ్రతను అంచనా వేయడం సాధ్యం కాదు. ఛాయాచిత్రం ఆధారంగా సలహా ఇచ్చే ప్రతి శాస్త్రవేత్తా ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవలసి ఉన్నది.

మాట నుండి చిత్రానికి: విస్తరణలో ఫోన్ పాత్ర

రైతుకు ఫోన్ ద్వారా సలహా అందించే ప్రయత్నం స్మార్ట్‌ఫోన్ కంటే ముందుదే. కిసాన్ కాల్ సెంటర్లు 2004 జనవరిలో ప్రారంభమయ్యాయి. రైతు తన భాషలో సమస్యను వివరించగా మరొక చివర ఉన్న వ్యక్తి సమాధానమిచ్చే పద్ధతి అది. అక్కడ నిర్ధారణ పూర్తిగా వర్ణన మీద ఆధారపడి ఉండేది. “ఆకులు ముడుచుకున్నాయి” అనే మాటకు “పైకా, క్రిందికా?” అన్న ఎదురు ప్రశ్న వేయగలిగినవారే సరైన సలహా ఇవ్వగలిగేవారు.

2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్‌తో పనిచేసే తొలి ఫోన్ విపణిలోకి వచ్చినప్పటికీ గ్రామీణ భారతంలో చిత్రాలు, వీడియోలు పంపుకోవడం సాధారణం కావడానికి మరికొంత కాలం పట్టింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత డేటా ధరలు బాగా తగ్గాయి. రైతులు, వ్యవసాయాధికారులు, శాస్త్రవేత్తలు కలిసి ఉండే వాట్సాప్ బృందాలు ఆ తరువాతి సంవత్సరాలలో విస్తరణకు ముఖ్య సాధనమయ్యాయి.

ఈ మార్పు వలన ప్రయోజనం ఎంతో ఉన్నది. అయితే ఒక నష్టం కూడా జరిగింది. చిత్రం ఉన్నదన్న ధీమాతో ప్రశ్నించడం తగ్గింది. వర్ణన కాలంలో తప్పనిసరిగా అడిగిన పైరు వయసు, వాడిన మందులు, నీటి తడుల వివరాలు చిత్రకాలంలో అడగకుండానే సలహా వెలువడే సందర్భాలు పెరిగాయి. చిత్రం వర్ణనకు తోడు కావాలే గాని బదులు కారాదు.

మెగాపిక్సెల్ అంటే ఏమిటి, ఏమి కాదు

ఫోన్ ప్రకటనలలో మొట్టమొదట కనిపించేది మెగాపిక్సెళ్ళ సంఖ్య. 50, 108, 200 మెగాపిక్సెళ్ళ కెమెరాలు మధ్యతరగతి ధరలలోనూ లభిస్తున్నాయి. ఐతే సాధారణ స్థితిలో ఈ కెమెరాలు ఇచ్చే చిత్రం అంత పెద్దది కాదు. ఫోన్‌లోని సెన్సర్ చిన్నది. దానిలో పిక్సెళ్ళను ఎక్కువగా అమర్చినప్పుడు ఒక్కొక్క పిక్సెల్‌కు చేరే కాంతి తగ్గుతుంది. అందుచేత పక్కపక్కనున్న పిక్సెళ్ళను ఒకటిగా కలిపి లెక్కించే పద్ధతిని అనుసరిస్తారు. 50 మెగాపిక్సెళ్ళ సెన్సర్ నాలుగింటిని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ళ చిత్రాన్ని, 108 మెగాపిక్సెళ్ళది తొమ్మిదింటిని కలిపి 12 మెగాపిక్సెళ్ళ చిత్రాన్ని, 200 మెగాపిక్సెళ్ళది పదహారింటిని కలిపి 12.5 మెగాపిక్సెళ్ళ చిత్రాన్ని ఇస్తాయి. అనగా తెగులు గుర్తింపు దృష్ట్యా ఈ మూడు ఫోన్ల సాధారణ చిత్రాల పరిమాణం ఇంచుమించు సమానం. తేడా కటకం నాణ్యతలో, సెన్సర్ వైశాల్యంలో, ఎంత దగ్గరి వస్తువుపై ఫోకస్ కుదురుతుందన్న దానిలో ఉంటుంది.

విద్యార్థులు సులభంగా చేయదగిన ఒక లెక్క ద్వారా ఈ విషయం స్పష్టమవుతుంది. 12 మెగాపిక్సెళ్ళ చిత్రం అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్ళతో ఉంటుందనుకొందాం. తామర పురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు. తెల్లనల్లి పొడవు సుమారు 0.2 మిల్లీమీటరు.

మొదటి స్థితి: చిత్రం వెడల్పులో 40 సెంటీమీటర్ల మొక్క ఇమిడినది. ఒక మిల్లీమీటరుకు 10 పిక్సెళ్ళు వస్తాయి. తామర పురుగు 10 పిక్సెళ్ళ గీతగాను, నల్లి 2 పిక్సెళ్ళ చుక్కగాను ఉంటాయి.

రెండవ స్థితి: 8 సెంటీమీటర్ల వెడల్పులో ఒక ఆకు మాత్రమే ఇమిడినది. మిల్లీమీటరుకు 50 పిక్సెళ్ళు. తామర పురుగు 50 పిక్సెళ్ళు, నల్లి 10 పిక్సెళ్ళు.

మూడవ స్థితి: మాక్రో కెమెరాతో గాని, ఫోన్‌కు తగిలించే చిన్న భూతద్దంతో గాని 2 సెంటీమీటర్ల భాగాన్ని మాత్రమే చిత్రించడమైనది. మిల్లీమీటరుకు 200 పిక్సెళ్ళు. తామర పురుగు 200 పిక్సెళ్ళు, నల్లి 40 పిక్సెళ్ళు.

ఇవి గరిష్ఠ పరిమితులు. గాలికి ఆకు కదలడం, చేయి వణకడం, ఫోకస్ తప్పడం వంటి కారణాల వలన వాస్తవంలో లభించే వివరం ఇంతకంటే తక్కువే. మొదటి స్థితిలో 2 పిక్సెళ్ళ చుక్కను చూసి అది నల్లి అని గాని, దుమ్ము అని గాని ఎవరూ చెప్పలేరు. రైతు ఎంత ఖరీదైన ఫోన్ వాడినా నిలబడి తీసిన మొక్క చిత్రంలో నల్లి కనిపించదన్నది ఈ లెక్క చెప్పే పాఠం. వ్రేళ్ళతో తెరపై పెద్దది చేసినంత మాత్రాన లేని వివరం పుట్టదు.

మాక్రో సామర్థ్యం విషయంలోనూ వివేచన అవసరం. చౌక ఫోన్లలో ప్రత్యేకంగా అమర్చే 2 మెగాపిక్సెళ్ళ మాక్రో కెమెరాకు సాధారణంగా స్వయంచాలక ఫోకస్ ఉండదు. నిర్ణీత దూరంలో ఉంచితేనే చిత్రం స్పష్టంగా వస్తుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో వంటి కొన్ని ఖరీదైన ఫోన్లలో విశాల దృశ్య కెమెరాకే స్వయంచాలక ఫోకస్ అమర్చి, సుమారు 2 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును చిత్రించే ఏర్పాటు చేశారు. అటువంటి ఫోన్ లేనిచోట పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దాన్ని ఫోన్ కటకం ముందు ఉంచి తీసిన చిత్రం చాలా సందర్భాలలో సరిపోతుంది. వ్యవసాయ విద్యార్థి సంచిలో ఎప్పటి నుండో ఉన్న భూతద్దానికి ఈ విధంగా కొత్త ఉపయోగం ఏర్పడింది.

ఫోన్ చేసే సవరణలు, రంగుల మార్పు

ఫోన్ కెమెరా చూసినది చూసినట్లుగా నమోదు చేయదు. మీట నొక్కిన క్షణంలో అనేక చిత్రాలను తీసి, వాటిని కలిపి, నీడలను వెలిగించి, అంచులకు పదును పెట్టి, రంగులను గాఢం చేసి ఒక చిత్రాన్ని తయారు చేస్తుంది. పచ్చదనాన్ని గుర్తించినప్పుడు దానిని మరింత నిండుగా చూపే ఏర్పాట్లు కొన్ని ఫోన్లలో ఉన్నాయి. పర్యాటకునికి ఇది ఇంపుగా ఉంటుంది. పోషక లోపాన్ని గుర్తించవలసిన శాస్త్రవేత్తకు ఇది ఆటంకం. నత్రజని లోపం వలన లేత పసుపు వర్ణానికి తిరిగిన ఆకు చిత్రంలో ఆరోగ్యంగా కనిపించవచ్చు. ఉదయపు ఎండలో, సాయంకాలపు ఎర్రని వెలుగులో, చెట్టు నీడలో తీసిన ఒకే ఆకు చిత్రాలు మూడు వేర్వేరు రంగులలో కనిపించవచ్చు.

వరిలో నత్రజని అవసరాన్ని అంచనా వేయడానికి వాడే ఆకురంగు పట్టికను ఎండ నేరుగా పడకుండా, శరీరపు నీడలో ఉంచి చూడాలని చెప్పడంలోని ఉద్దేశం ఇదే. ఆ పట్టికలో రంగు, ఆకు ఒకే వెలుతురులో పక్కపక్కన ఉంటాయి కనుక పోలిక నిలుస్తుంది. అదే సూత్రాన్ని ఛాయాచిత్రానికీ వర్తింపజేయవచ్చు. ఆకు పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి చిత్రం తీసినట్లయితే, కాగితం ఏ రంగులోకి మొగ్గినదో చూసి ఆకు రంగు ఎంత మారినదో అంచనా వేయవచ్చు. అదే కాగితంపై ఒక సెంటీమీటరు గీత ఉంటే పరిమాణం కూడా తెలుస్తుంది.

ప్రయాణంలో కోల్పోయే సమాచారం

రైతు ఫోన్‌లో స్పష్టంగా ఉన్న చిత్రం శాస్త్రవేత్త ఫోన్‌కు అదే స్పష్టతతో చేరకపోవచ్చు. సందేశ అనువర్తనాలు డేటాను ఆదా చేయడానికి చిత్రాన్ని కుదిస్తాయి. పై లెక్కలోని 4000 పిక్సెళ్ళ వెడల్పు 1600కు తగ్గిందనుకొంటే, మొదటి స్థితిలో 10 పిక్సెళ్ళున్న తామర పురుగు 4 పిక్సెళ్ళకు, 2 పిక్సెళ్ళున్న నల్లి ఒక పిక్సెల్ కంటే తక్కువకు చేరుతాయి. అనగా నల్లి చిత్రం నుండి అదృశ్యమైనట్లే. మూడవ స్థితిలో తీసిన చిత్రంలో మాత్రం కుదింపు తరువాత కూడా తామర పురుగు 80, నల్లి 16 పిక్సెళ్ళతో మిగులుతాయి. దగ్గరగా తీసిన చిత్రం కుదింపును తట్టుకొంటుందన్నది గమనార్హం.

వాట్సాప్‌లో 2023 ఆగస్టు నుండి అధిక స్పష్టతతో చిత్రాన్ని పంపే వెసులుబాటు వచ్చింది. ఐనప్పటికీ కొంత కుదింపు జరుగుతుంది. చిత్రాన్ని డాక్యుమెంటు రూపంలో పంపినప్పుడు మూల చిత్రం యథాతథంగా చేరుతుంది. తీసిన తేదీ, సమయం, స్థానం వంటి అంతర్గత వివరాలు కూడా వెంట వస్తాయి. మామూలు చిత్రంగా పంపినప్పుడు ఈ వివరాలు తొలగిపోతాయి. ఒక బృందం నుండి మరొక బృందానికి చేతులు మారి వచ్చిన చిత్రం ఏ ఊరిదో, ఏ నెలదో తెలియకపోవడానికి కారణం ఇదే. అటువంటి చిత్రంపై సలహా ఇవ్వడం శాస్త్రీయం కాదు. గత సంవత్సరపు చిత్రానికి ఈ సంవత్సరం సలహా వెలువడే ప్రమాదం ఉన్నది.

కృత్రిమ మేధ: ప్రయోగశాలలో, పొలంలో

ఆకు చిత్రాన్ని చూసి తెగులు పేరు చెప్పే అనువర్తనాలు రైతులకు అందుబాటులో ఉన్నాయి. జర్మనీలో రూపొందిన ప్లాంటిక్స్ అనువర్తనం ఇక్రిశాట్ సహకారంతో తెలుగు రైతులకు చేరువైంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని ప్లాంట్‌విలేజ్ రూపొందించిన నూరు అనే సాధనం ఆఫ్రికాలో కర్రపెండలం తెగుళ్ళను ఇంటర్నెట్ లేకుండానే ఫోన్‌లోనే గుర్తించడానికి ఉద్దేశించినది. మన దేశంలో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2024 ఆగస్టులో కృత్రిమ మేధ ఆధారిత జాతీయ తెగుళ్ళ నిఘా వ్యవస్థను ప్రారంభించింది.

ఈ రంగంలో తరచుగా ఉదహరించే ఒక అధ్యయనం ప్రతి విద్యార్థి తెలుసుకోదగినది. 2016లో మొహంతి, హ్యూస్, సలాథే అనే శాస్త్రవేత్తలు 14 పంటలకు, 26 తెగుళ్ళకు సంబంధించిన 54,306 ఆకు చిత్రాలతో ఒక నమూనాకు శిక్షణనిచ్చారు. శిక్షణలో చూపకుండా దాచి ఉంచిన చిత్రాలపై అది 99.35 శాతం ఖచ్చితత్వాన్ని సాధించింది. ఐతే వేరే పరిస్థితులలో తీసిన, వేరే మూలాల నుండి సేకరించిన చిత్రాలపై పరీక్షించినప్పుడు ఖచ్చితత్వం సుమారు 31 శాతానికి పడిపోయింది. ఈ విషయాన్ని ఆ శాస్త్రవేత్తలే తమ పత్రంలో వెల్లడించడం ప్రశంసనీయం. శిక్షణకు వాడిన చిత్రాలు తుంచిన ఆకును ఒకే విధమైన నేపథ్యంపై ఉంచి తీసినవి. పొలంలో ఆకు వెనుక మట్టి, కలుపు, మరొక ఆకు, మనిషి నీడ ఉంటాయి. ఒకే ఆకుపై రెండు సమస్యలు కలిసి ఉండవచ్చు. ఆ తరువాతి సంవత్సరాలలో పొలం చిత్రాలతో శిక్షణ పొందిన నమూనాలు వచ్చి పరిస్థితి మెరుగుపడినప్పటికీ, ఒక అనువర్తనం ఖచ్చితత్వాన్ని చెప్పినప్పుడు “ఏ చిత్రాలపై?” అన్న ప్రశ్న వేయడం నేటికీ అవసరమే.

రెండవ ప్రశ్న తెగులు వ్యాప్తికి సంబంధించినది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ఒక అనువర్తనం తెగులు ఉన్న పొలాలలో 90 శాతాన్ని ఉన్నదని, లేని పొలాలలో 90 శాతాన్ని లేదని సరిగా చెప్పగలదు. ఒక మండలంలోని 1000 పొలాలలో 50 పొలాలకు మాత్రమే తెగులు ఉన్నది. అనువర్తనం ఆ 50లో 45ను పట్టుకొంటుంది. తెగులు లేని 950లో 95 పొలాలకు కూడా తెగులు ఉన్నదని పొరపాటుగా చెబుతుంది. మొత్తం 140 హెచ్చరికలలో నిజమైనవి 45, అనగా సుమారు 32 శాతం. మిగిలిన 95 పొలాలలో అవసరం లేని మందు పడుతుంది. అదే తెగులు ఉద్ధృతమై 1000లో 500 పొలాలకు వ్యాపించినప్పుడు అనువర్తనం 450 పొలాలను సరిగా, 50 పొలాలను తప్పుగా సూచిస్తుంది. హెచ్చరికలలో 90 శాతం నిజమవుతాయి. అనువర్తనం మారలేదు, పరిస్థితి మారింది. కనుక పంటకాలం ప్రారంభంలో, తెగులు అరుదుగా ఉన్నప్పుడు, ఫోన్ ఇచ్చిన హెచ్చరికను పొలం సందర్శన ద్వారా ధ్రువీకరించుకోవలసిన అవసరం మరింత ఎక్కువ. ప్రాంతీయ నిఘా నివేదికలు, దీపపు ఎరలు, జిగురు అట్టల లెక్కలు ఫోన్ నిర్ధారణకు పునాదిగా ఉండాలని ఈ లెక్క సూచిస్తుంది.

స్థాన నిర్ధారణ

ఫోన్‌లోని స్థాన నిర్ధారణ వలన తెగులు ఎక్కడ మొదలై ఎటు వ్యాపిస్తున్నదో పటం రూపంలో చూడవచ్చు. సాధారణ ఫోన్ బహిరంగ ఆకాశం క్రింద సుమారు 5 మీటర్ల వ్యాసార్ధం లోపు ఖచ్చితత్వాన్నిస్తుంది. 2018లో షావోమీ మి 8తో ఆరంభమై, రెండు పౌనఃపున్యాలలో ఉపగ్రహ సంకేతాలను స్వీకరించే ఫోన్లు వచ్చాయి. చెట్లు, భవనాల వద్ద ప్రతిఫలించిన సంకేతాల వలన కలిగే దోషాన్ని ఇవి తగ్గిస్తాయి. భారత్ రూపొందించిన నావిక్ వ్యవస్థను స్వీకరించగల ఫోన్లు 2020 నుండి విపణిలో ఉన్నాయి.

తెగులు నిఘాకు 5 మీటర్ల దోషం పెద్ద అడ్డంకి కాదు. విస్తీర్ణం కొలతకు మాత్రం అది అడ్డంకే. చతురస్రాకారపు ఒక ఎకరం పొలం భుజం సుమారు 63.6 మీటర్లు. ఒక భుజం కొలతలో 5 మీటర్లు ఎక్కువ వచ్చినట్లయితే విస్తీర్ణం సుమారు 8 శాతం పెరుగుతుంది. సుమారు 20 మీటర్ల భుజం గల పది సెంట్ల మడిలో అదే దోషం 25 శాతం అవుతుంది. చిన్న కమతాలలో పిచికారీ మోతాదును ఫోన్ చూపిన విస్తీర్ణం ఆధారంగా లెక్కించడం సరికాదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉన్నది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 సంవత్సరాల స్త్రీలలో తాము స్వయంగా వాడుకొనే మొబైల్ ఫోన్ ఉన్నవారు సుమారు 54 శాతం. గ్రామీణ ప్రాంతాలలో సుమారు 47 శాతం. వీటిలో కెమెరా, ఇంటర్నెట్ లేని సాధారణ ఫోన్లు కూడా ఉన్నాయి. మిరపలో కలుపు తీసేవారు, కాయ కోసేవారు అధికంగా స్త్రీలు. ముడత, పూత రాలడం వంటి మార్పులను మొదట చూసేది వారే. ఫోన్ మాత్రం ఇంటి యజమాని జేబులో ఉంటుంది. కౌలు రైతుకు, భూమి యజమానికి మధ్య కూడా ఇటువంటి దూరం ఉండవచ్చు. అనగా సమస్యను చూసిన కన్ను, చిత్రం తీసే చేయి వేరువేరు. విస్తరణ బృందంలోని సభ్యుల జాబితాను ఈ దృష్టితో పరిశీలించి, మహిళా స్వయం సహాయక సంఘాలలో ఫోన్ ఉన్న ఒక సభ్యురాలికి చిత్రాలు తీయడంలో శిక్షణ ఇవ్వడం ఉపయోగకరం. వ్రాతకు బదులు మాటతో ప్రశ్న అడిగే వీలు కల్పించే దిశగా 2022లో ప్రారంభమైన భాషిణి వంటి ప్రయత్నాలు ఇక్కడ సహాయపడగలవు.

ఫోన్ ఆయుర్దాయం కూడా పరిగణించవలసిన విషయమే. 2023లో పిక్సెల్ 8కి, 2024లో గెలాక్సీ ఎస్ 24కి తయారీదారులు ఏడు సంవత్సరాల సాఫ్ట్‌వేర్ నవీకరణలను ప్రకటించారు. రైతులు అధికంగా కొనే చౌక ఫోన్లకు అంత కాలం నవీకరణలు అందవు. విశ్వవిద్యాలయాలు రూపొందించే అనువర్తనాలు పాత ఫోన్లలో, తక్కువ నిల్వ స్థలంలో, బలహీనమైన సంకేతంతో పనిచేసేటట్లు ఉండాలి.

పొలంలో భద్రత విషయం మరొకటి. ఐపీ 67 లేదా 68 గుర్తు ఉన్న ఫోన్ దుమ్మును, పరిమిత లోతులో పరిమిత సమయం మంచినీటిని తట్టుకొంటుందని మాత్రమే అర్థం. పురుగుమందు ద్రావణానికి అది వర్తించదు. పిచికారీ చేసిన చేతులతో ఫోన్ పట్టుకొని, అదే ఫోన్‌ను ముఖానికి ఆనించి మాట్లాడడం వలన మందు శరీరంలోకి చేరే అవకాశమున్నది. చేతులు సబ్బుతో కడుగుకొన్న తరువాతనే ఫోన్ ముట్టుకోవాలని ప్రతి శిక్షణలోనూ చెప్పవలసి ఉన్నది.

ప్రతిపాదిత పద్ధతి

పై అంశాల ఆధారంగా మిరప ముడత గుర్తింపునకు ఈ క్రింది పద్ధతిని అనుసరించవచ్చు. స్వల్ప మార్పులతో ఇది ఇతర పంటలకూ వర్తిస్తుంది.

1. ప్రతి సమస్యకు ఐదు చిత్రాలు తీయించాలి: సమస్య మచ్చలుగా ఉన్నదా, అంతటా ఉన్నదా తెలిపే పొలం చిత్రం, మొక్క మొత్తం, ముడత పడిన ఆకు పై భాగం, అదే ఆకు అడుగు భాగం, తెరచిన పూవు లేదా లేత చిగురు అతి సమీప చిత్రం.

2. చివరి మూడు చిత్రాలలో సెంటీమీటరు గీత గల తెల్ల కాగితం తప్పక కనిపించాలి. నాలుగైదు పూలను ఆ కాగితంపై విదిలించి, రాలిన పురుగులను చిత్రించడం నల్ల తామర పురుగు గుర్తింపునకు సులభమైన మార్గం.

3. నేరుగా ఎండ పడకుండా నీడ కల్పించి చిత్రించాలి. రంగులను గాఢం చేసే ఏర్పాట్లను, అలంకరణ ఫిల్టర్లను ఆపివేయాలి. తెరపై ఆకును తాకి ఫోకస్ కుదిరిన తరువాతనే మీట నొక్కాలి.

4. సమీప చిత్రాలను డాక్యుమెంటు రూపంలో పంపించాలి.

5. చిత్రాలతో పాటు రకం, నాటిన తేదీ, గత పదిహేను రోజులలో వాడిన మందులు, ఎరువులు, నీటి తడులు, సమస్య మొదట కనిపించిన రోజు ఒక స్వర సందేశంలో చెప్పించాలి.

6. సలహా ఇచ్చే శాస్త్రవేత్త తన నిర్ధారణను నిశ్చితం, సంభావ్యం, అనిశ్చితం అనే మూడు తరగతులలో ఒకటిగా పేర్కొనాలి. పురుగు లేదా నల్లి చిత్రంలో స్పష్టంగా కనిపించినప్పుడే నిశ్చితం. లక్షణాలు మాత్రమే సరిపోలినప్పుడు సంభావ్యం. తక్కినవన్నీ అనిశ్చితం.

7. అనిశ్చితమైనప్పుడు రసాయన మందును సూచించరాదు. అదనపు చిత్రాలు కోరడం, సమీప రైతు సేవా కేంద్రం లేదా కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా నమూనా తెప్పించడం, పొలాన్ని సందర్శించడం అనే మార్గాలను అనుసరించాలి.

8. సలహా ఇచ్చిన ఏడు నుండి పది రోజుల తరువాత అదే మొక్క చిత్రాన్ని మళ్ళీ తెప్పించి ఫలితాన్ని నమోదు చేయాలి.

9. రైతు పేరు, స్థానం తెలిపే చిత్రాలను అనుమతి లేకుండా ఇతర బృందాలకు పంపరాదు. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం వచ్చిన తరువాత ఇది మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.

వీటిలో ఎనిమిదవ అంశం తరచుగా నిర్లక్ష్యానికి గురవుతుంది. ఫలితం నమోదు కానిదే సలహా సరియైనదో కాదో తెలియదు. పరీక్షించి ధ్రువీకరించిన చిత్రాల సంచయం మన ప్రాంతపు రకాలతో, మన నేలలతో, మన వెలుతురులో తయారైనప్పుడే ముందు ముందు కృత్రిమ మేధ నమూనాలు తెలుగు పొలాలకు నమ్మదగినవిగా రూపొందుతాయి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో నివసించే నాలుగవ సంవత్సరం విద్యార్థులకు ఇది తగిన అభ్యాసం. ఒక్కొక్క విద్యార్థి కొన్ని పొలాలలో ముందు చిత్రం చూసి నిర్ధారణ వ్రాసుకొని, తరువాత భూతద్దంతో మొక్కను పరీక్షించి రెండింటినీ పోల్చినట్లయితే, తన కంటి నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తానే తెలుసుకొంటాడు.

ముగింపు

స్మార్ట్‌ఫోన్ విస్తరణ శాస్త్రవేత్తకు, రైతుకు మధ్యనున్న దూరాన్ని తగ్గించినది. సమస్యకు, నిర్ధారణకు మధ్యనున్న దూరాన్ని దానంతట అది తగ్గించదు. కొత్త ఫోన్ ఏది వచ్చినా తెగులు గుర్తింపులో పరిశీలించవలసినవి కొన్నే: ఎంత దగ్గరగా స్పష్టంగా చిత్రించగలదు, రంగును ఎంత నిజాయితీగా చూపగలదు, తీసిన చిత్రం చెడకుండా చేరుతుందా, ఫోన్ సమస్యను చూసినవారి చేతిలో ఉన్నదా. ఆకు అడుగు భాగం తిప్పి చూడడం, పూవు తెరచి చూడడం, ముందు ఏ మందు వాడినదీ అడిగి తెలుసుకోవడం అన్నవి పాత అలవాట్లే. ఫోన్ వాటికి బదులు కాదు, వాటిని దూరం నుండి నెరవేర్చుకొనే సాధనం. ఆ అలవాట్లు నిలుపుకొన్న విస్తరణ సిబ్బంది చేతిలో సాధారణ ఫోన్ కూడా రైతు పెట్టుబడిని కాపాడగలదు.